మైకు భార్య వేసిన ఈల

ఈల ఎవరు వేశారో మైకుకి మొదట అర్థం కాలేదు.

తెర మీద రైలు పొలాల మధ్య ఆగిపోయి ఉంది. ఇంజన్ డ్రైవరు వేషంలో ఉన్న హీరో, బండిని నడిపే ఇనుప పిడిని ఊడబెరికి చేత పట్టుకున్నాడు. ఒక్కో పెట్టె దాటుకుంటూ, అడ్డొచ్చిన వాళ్ళని కిటికీల్లోంచి బయటికి గిరవాటేస్తూ, మంత్రిగారి పెట్టెలోకి వచ్చాడు. ఆ మంత్రి రైలు దారి మొత్తాన్ని అల్లుడికి కట్టబెట్టే కాగితం మీద సంతకం పెట్టబోతున్నాడు. హీరో ఆ పిడిని బల్ల మీద దబ్బుమని కొట్టాడు. పళ్ళరసం గ్లాసు ఎగిరి మంత్రి ఒళ్ళో పడింది.

"బండి నీదన్నావుగా. ఇక నువ్వే నడుపుకో" అన్నాడు హీరో.

అంతే, హాలు హాలంతా లేచింది. సరిగ్గా అప్పుడే మైకు కుడి చెవి పక్కన ఈల. మామూలు ఈల కాదు, చెవిలో సూది దింపినట్టు. ఏ పోకిరీ వెధవో చూద్దామని కోపంగా తల తిప్పితే పక్క సీట్లో ఉన్నది తన భార్యే. రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, బుగ్గలు పూరించి, కుర్చీలోంచి సగం లేచి ఉంది. తెర వెలుగులో ఆమె మొహం చూసి మైకు గతుక్కుమన్నాడు. పెళ్ళిలో కూడా ఆ మొహం అంత వెలగలేదు.

"ఏమిటిది?" అన్నాడు.

"ఉష్... కాస్త ఊరుకుంటారా" అంది ఆమె, తెర మీదినుంచి కళ్ళు తిప్పకుండా.

ఆమెకి అటుపక్కన ఆమె అక్క, అంటే మైకుకి వదిన, పాప్‌కార్న్ గుప్పిళ్ళతో గాల్లోకి చల్లుతోంది. మైకు మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే ఆ పిడి బల్లకి తగిలినప్పుడు అతని చేతుల మీద రోమాలు కూడా నిక్కబొడుచుకున్నాయి. కానీ ఆ సంగతి బయటపడితే ఇంకేమన్నా ఉందా? ఏసీ ఎక్కువైందని గొణుక్కుంటూ చేతులు రుద్దుకున్నాడు.

మైకు అన్నది అతని అసలు పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. బస్సు డిపోలో మెకానిక్కు, అక్కడి యూనియన్‌కి కార్యదర్శి. పెళ్ళయినా, పదవీ విరమణ సభయినా, ఆఖరికి సంతాపసభయినా సరే, మైకు కనపడితే అతని చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది. పట్టుకున్నాక వదిలించడానికి కరెంటు తీసేయాల్సిందే. మనిషి మంచివాడు. చెప్పేదంతా న్యాయమే. అదే వచ్చిన చిక్కు, న్యాయాన్ని అంతసేపు ఎవరు వింటారు?

అతని ఉపన్యాసాలన్నిటిలోనూ ఒక మాట తప్పనిసరిగా ఉంటుంది. "గదిలోకి ఒక్కడు వెళితే వాళ్ళ మాట వినొస్తాడు" అని, అక్కడ ఆగి, ఓసారి గొంతు సవరించుకున్నట్టు దగ్గి, "అందరం వెళితే మన మాట చెప్పొస్తాం" అంటాడు. ఆ దగ్గు ఏనాడో డీజిల్ పొగ గొంతులో పడి వచ్చింది. పొగ పోయింది గానీ దగ్గు మాత్రం ఆ మాటకి అతుక్కుపోయింది. డిపోలో జనం అతనికంటే ముందే "దగ్గవయ్యా మైకూ" అని అందిస్తారు కూడా.

భార్య అతని సభకి ఒకే ఒక్కసారి వచ్చింది. సంచీలో బఠాణీకాయలు తెచ్చుకుని, ముందు వరసలో కూర్చుని, ఉపన్యాసం సాగినంతసేపూ ఒలుచుకుంది. దిగి వచ్చి "ఎలా ఉంది?" అని అతను ఆశగా అడిగితే, "అయిపోయిందా? నావీ అయిపోయాయి" అని గిన్నె చూపించింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సరిపెట్టుకున్నాడు. ఆవిడకి రాజకీయాలు పట్టవు, అంతే అనుకున్నాడు.

పట్టకపోవడమేమిటి? ఆ సినిమా మొత్తం రాజకీయమే! మైకు ఊళ్ళో ప్రతి గేటు ముందూ అరిచి చెప్పిన మాటల్నే ఆ హీరోగాడు కండలు చూపిస్తూ చెప్పాడు. అవే మాటలు. ఇక్కడేమో బఠాణీలు, అక్కడేమో ఈల.

ఇంటికొచ్చాక అక్కాచెల్లెళ్ళిద్దరూ సినిమాని మళ్ళీ మొదట్నుంచీ ఆడారు. గరిటె ఇంజన్ పిడి అయింది. వదిన మంత్రి అయింది. మైకు భార్య గరిటెని భోజనాల బల్ల మీద దబ్బుమని కొట్టేసరికి మైకు కంచంలో చారు చిందింది.

"అసలు నోటీసు ఇవ్వకుండా బండెలా ఆపుతాడు?" అన్నాడు మైకు చొక్కా తుడుచుకుంటూ. "పైగా ఆ పిడి అలా లాగితే ఊడిరాదు. మెకానిక్కుని, నాకు తెలీదూ? వాడికి వెనకాల ఒక యూనియన్ లేదు, ఒక కమిటీ లేదు. ఒక్కడే వెళ్ళి ఒక్కడే కొట్టేస్తాడా?"

"మరిదిగారికి ఎక్కడో మండుతోందే" అంది వదిన.

"నాకేం మంట? ఉన్న మాటంటున్నా."

"ఆ మంత్రిని చూస్తుంటే నాకు మా సూపర్‌వైజరే గుర్తొచ్చాడండీ" అంది భార్య, కూర్చుని మంచినీళ్ళు తాగుతూ. "మంత్రి సంతకం పెట్టే ముందు గడియారం చూసుకున్నాడు చూడండి. అచ్చం అలాగే చూస్తాడు వీడు, మేం తాళంచెవి అడిగినప్పుడు."

అక్కాచెల్లెళ్ళిద్దరూ చొక్కాలు కుట్టే ఒక పెద్ద కుట్టు హాల్లో పనిచేస్తారు. అక్కడ ఆడవాళ్ళ బాత్రూమ్‌కి తాళం వేసి, తాళంచెవి సూపర్‌వైజరు బెల్టుకి తగిలించుకుంటాడు. ఎవరికి వెళ్ళాలన్నా అతని దగ్గరికి పోయి చెయ్యి చాపాలి. అతను గడియారం చూసుకుని, మనిషిని కిందికీ మీదికీ చూసి, ఇస్తే ఇస్తాడు, లేకపోతే "ఇందాకేగా వెళ్ళావు" అంటాడు. అందుకని ఆ హాల్లో ఎవరూ సరిగా నీళ్ళు తాగరు. ఈ గొడవ మైకు చాన్నాళ్ళుగా వింటూనే ఉన్నాడు. విన్నప్పుడల్లా ముందు అర్జీ, తర్వాత సంతకాలు, తర్వాత కమిటీ, ఆ తర్వాత చర్చలు అని వేళ్ళు మడిచి చెబుతూనే ఉన్నాడు.

ఇప్పుడూ వేలు మడవబోయాడు.

"వద్దులెండి. మీ వరసలో పోతే మాకు తాళంచెవి అందేసరికి మనవలు పుడతారు" అంది భార్య.

వదిన పడీపడీ నవ్వింది. మైకుకి అరికాలి మంట నెత్తికెక్కింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, చారులో ఉప్పెక్కువైందని లేచిపోయాడు.

ఆదివారం ఆమె ఆ సినిమాకి మళ్ళీ వెళ్ళింది. ఈసారి కుట్టు హాల్లో ఆడవాళ్ళందరినీ వెంటేసుకుని వెళ్ళింది. "మీరూ వస్తారా?" అని మాటవరసకైనా అడగలేదు. వస్తూ వస్తూ హీరో బొమ్మ ఒకటి పట్టుకొచ్చి, బాత్రూమ్ అద్దం మూలకి అంటించింది. ఆ అద్దం ముందే మైకు రోజూ గడ్డం గీసుకుంటూ ఉపన్యాసం వల్లె వేసుకుంటాడు.

ఇక అప్పట్నుంచి ప్రతి ఉదయం అతనికి నరకమే. ఒక పక్క హీరో దవడ, మరో పక్క తన దవడ. హీరో జుట్టు గాల్లో ఎగురుతూ ఉంటుంది, తన జుట్టు ఎగిరేపోయింది. "గదిలోకి ఒక్కడు వెళితే" అని మొదలెట్టి, దగ్గి, పక్కన బొమ్మలోని నవ్వు చూసి ఆగిపోయేవాడు. ఒకరోజు సబ్బు నురగ పొరపాటున హీరో మొహం నిండా పడింది. పొరపాటేలెండి, అతను అలాగే చెప్పాడు. భార్య ఏమీ అనకుండా వచ్చి, కొంగుతో ఆ మొహాన్ని మెత్తగా తుడిచి వెళ్ళింది. మైకు మొహం మీద నురగ అలాగే ఉంది. దాన్ని తుడిచేవాళ్ళు లేరు.

అన్నిటికంటే ఎక్కువగా నలిపింది మాత్రం ఆ ఈలే. అంత నిఖార్సైన ఈల ఒక్కరోజులో వచ్చేది కాదు. ఎక్కడ నేర్చుకుంది? ఎవరు నేర్పారు? ఇన్నేళ్ళ కాపురంలో తనకి తెలియకుండా ఆ ఈల ఎక్కడ దాక్కుంది? అడుగుదామంటే అహం అడ్డొచ్చింది. అతనికిప్పుడు కావలసింది ఒకటే. ఆ ఈల ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తనకోసం వెయ్యాలి. అందుకోసం యూనియన్ పదవి వదులుకోమన్నా వదులుకునేలా ఉన్నాడు.

ఈ వేడిలోనే డిపో గేటు ముందు సభ వచ్చింది. షెడ్డులో బస్సుల్ని పైకెత్తే జాకీలు అరిగిపోయాయి, ఎప్పుడు ఎవరి మీద జారతాయో తెలియదు, కొత్తవి కావాలన్నది డిమాండు. మైకు ఎప్పటిలా కాగితం తెచ్చుకోలేదు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, చొక్కా చేతులు మోచేతి పైకి మడిచి, షెడ్డులో ఉన్నవాటిలోకెల్లా పెద్ద స్పానరు తెచ్చుకున్నాడు.

"డిపో మీదేనన్నారుగా!" అని మేనేజరు కిటికీ వైపు చూస్తూ గర్జించాడు. "ఇక మీరే నడుపుకోండి!"

అని స్పానరు ఎత్తి బల్ల మీద దబ్బుమని కొట్టాడు. ఆ బల్ల మీదే మైకు యాంప్లిఫయరు పెట్టె ఉందన్న సంగతి ఆవేశంలో మరిచిపోయాడు. పెట్టె కీచుమని ఒక్క కేక పెట్టి ప్రాణం విడిచింది. స్పానరు ఎగిరి యూనియన్ అధ్యక్షుడిగారి టీ గ్లాసు మీద పడింది. ఆ పెద్దాయన ఒళ్ళో టీ పోసుకుని, "నేను మన వాణ్ణేనయ్యా" అన్నాడు దీనంగా.

అంతలో వెనక వరసల్లోంచి ఈల. ఆ వెంటనే ఇంకోటి. తర్వాత డిపో మొత్తం ఈలలే ఈలలు, నవ్వులే నవ్వులు. జీవితంలో మొట్టమొదటిసారి మైకు ఉపన్యాసానికి ఈలలు పడ్డాయి. అవి ఎలాంటి ఈలలో అతనికి తెలుసు. చెవులు ఎర్రబడ్డాయి. చచ్చిన పెట్టెని చేతుల్లోకి తీసుకుని తల దించుకున్నాడు.

అప్పుడే మలుపు తిరిగి వచ్చిన బస్సులోంచి కండక్టరు దిగి, జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"అన్నా, నువ్విక్కడున్నావా? అక్కడ కుట్టు హాల్లో మిషన్లు ఆగిపోయాయంట. ఆపింది మీ ఆవిడేనంటున్నారు!"

మైకు పెట్టెని అధ్యక్షుడి ఒళ్ళో పెట్టేసి అదే బస్సెక్కాడు. భార్య ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, లేదని కాదు. కానీ దాని కంటే ముందు, దాని కంటే పైన, మరొకటి భగభగ మండుతోంది. నాకు చెప్పకుండానా? ఊళ్ళో ఎవరు పని ఆపాలన్నా నన్నడిగి ఆపుతారే! నేనేళ్ళ తరబడి గొంతు చించుకుంటే కదలని మనిషి, వాడు ఒక్కసారి పిడి కొడితే కదిలిందా? వాణ్ణి చూసి మిషను ఆపిందా? అతనికి కన్నీళ్ళు వచ్చినంత పనైంది. పక్క సీటు ముసలాయన "ఏం బాబూ, ఆస్పత్రికా?" అని జాలిగా అడిగాడు.

కుట్టు హాలుకి రోడ్డువైపు పొడుగాటి కిటికీలు, వాటికి ఇనప ఊచలు. మైకు ఊచలు పట్టుకుని లోపలికి చూశాడు. ఇన్నేళ్ళలో ఆ హాలు లోపల ఎలా ఉంటుందో చూడటం అదే మొదటిసారి. వరసలు వరసలుగా మిషన్లు. సగం కుట్టిన చొక్కాలు ఎక్కడివక్కడ ఆగిపోయి ఉన్నాయి. ఒకరు చెయ్యి కుట్టి పక్కకిస్తే, ఆ పక్కవాళ్ళు కాలరు కుడతారు, తర్వాతి వాళ్ళు బొత్తాలు. మధ్యలో ఒక్కరు ఆగితే వెనక కొండలా పేరుకుంటుంది. ఇప్పుడు అందరూ ఆగిపోయి, గోడవారగా నిలబడి ఉన్నారు.

అతన్ని చూసి వదిన కిటికీ దగ్గరికి వచ్చింది.

"వచ్చారా మరిదిగారూ! పొద్దున బొత్తాల దగ్గర పనిచేసే పిల్లకి తాళంచెవి ఇవ్వనన్నాడండీ. కడుపుతో ఉన్న పిల్ల. ఏడుస్తూ వచ్చి కూర్చుంది. అంతే, కాలరక్క ఈలేసింది."

"కాలరక్క ఎవరు?"

వదిన అతన్ని వింతగా చూసింది. "మీ ఆవిడేనండీ. కాలర్లు కుడుతుంది కదా, ఇక్కడందరూ అలాగే పిలుస్తారు. నేను బొత్తాలక్కని. తెలీదా ఏంటి?"

మైకుకి తెలియదు.

"ఈలెయ్యగానే అందరం ఆపాం. మిషను కింద దారం ఉంచే డిబ్బీ ఉంటుందే, బాబిన్ కేసు, అది ఊడదీసి పట్టుకెళ్ళి వాడి బల్ల మీద పెట్టింది. 'హాలు మీదేనన్నారుగా సార్, ఇక మీరే కుట్టుకోండి' అంది. ఆ వెనకే నేను, నా వెనక అందరం. అదిగో చూడండి."

సూపర్‌వైజరు బల్ల మీద బాబిన్ కేసులు కుప్పగా మెరుస్తున్నాయి. అచ్చం సినిమాలోలాగే. ఆ హీరోగాడి దగ్గర నేర్చుకున్నదే. మైకు నోరు చేదెక్కింది.

లోపలి గది తలుపు తెరుచుకుని ఆ హాలు మేనేజరు వచ్చాడు. కేకలేస్తాడనుకున్నారు అందరూ. అతను తెలివైనవాడు, నవ్వాడు.

"ఏంటమ్మా ఇదంతా? మనం మనం ఒక ఇంటివాళ్ళం. ఎవరి బాధ వాళ్ళకి ఉంటుంది. ఒక్కొక్కరే నా గదిలోకి రండి, కూర్చుని నెమ్మదిగా మాట్లాడుకుందాం. ముందు నువ్వు రా."

వేలు మైకు భార్య వైపు ఉంది.

గోడవారగా ఉన్న ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సినిమాలో ఇలాంటి ఘట్టం లేదు. కిటికీ బయట మైకుకి నోట్లో మాట గిలగిల కొట్టుకుంది. వెళ్ళొద్దు! ఒక్కదానివీ వెళ్ళొద్దు! అరవడానికి ఊచల మధ్య మొహం పెట్టి నోరు తెరిచాడు.

అతని కంటే ముందు ఆమె నోరు తెరిచింది.

"గదిలోకి ఒక్కరు వెళితే మీ మాట వినొస్తారు సార్" అంది. అక్కడ ఆగింది. ఓసారి గొంతు సవరించుకున్నట్టు దగ్గింది. "అందరం వెళితే మా మాట చెప్పొస్తాం."

మైకు తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. మాటొక్కటే కాదు, దగ్గు కూడా తనదే. దగ్గాల్సిన చోటే దగ్గింది. పాటలో దరువులాగా దాన్ని కూడా కలిపే నేర్చుకుంది. బాత్రూమ్ తలుపు అవతల నుంచి, వంటింట్లోంచి, బఠాణీలు ఒలుస్తూ కూడా, అంతా వింది.

"అందరం ఇక్కడే ఉన్నాం" అని ఆమె అంటూనే ఉంది. "చెప్పేది ఒకటే. ఆ తలుపుకి తాళం వద్దు. తాళంచెవి కాదు సార్, తాళమే వద్దు."

మైకుకి ఒళ్ళు ఝల్లుమంది. ఈసారి ఏసీ మీద నెట్టే వీల్లేదు, నడివీధిలో ఎండలో ఉన్నాడు. ఏంచేస్తున్నాడో తెలియకుండానే రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, బుగ్గలు పూరించి, బలమంతా పెట్టి ఊదాడు.

ఫుస్సుమని గాలొచ్చింది. గాలితో పాటు ఇంకా చాలా వచ్చింది.

"మరిదిగారూ!" అంది వదిన మొహం తుడుచుకుంటూ. "పొద్దున్నే కడుక్కున్నానండీ, మళ్ళీ అక్కర్లేదు."

గోడవారనున్న వాళ్ళంతా గొల్లుమన్నారు. మేనేజరుకి అర్థమైంది, నవ్వుతున్న జనాన్ని ఒక్కొక్కరుగా విడదీయడం కుదరదని. సాయంత్రానికి ఆ తలుపుకి తాళం లేదు. దాన్ని బొత్తాలక్క సంచీలో వేసుకుని ఇంటికి పట్టుకెళ్ళింది, గూట్లో పెట్టుకుంటానని.

మొగుడూ పెళ్ళాలిద్దరూ నడుచుకుంటూ ఇంటికి బయల్దేరారు. కొంతదూరం వరకూ మైకు మాట్లాడలేదు. అది ఆమెకి కొత్త.

"నా మాటే చెప్పావు" అన్నాడు చివరికి.

"మరేం చెయ్యమంటారు? సినిమాలో పిడి కొట్టగానే పాటేశారు. మాకెవరు పాటేస్తారు? ఆయన రమ్మనేసరికి నాకు ఏమనాలో తోచలేదు. రోజూ చెవిలో పడేదే నోట్లోకి వచ్చింది."

మైకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. కానీ అసూయ ఒక్కసారిగా పోయే జబ్బు కాదు. తోక ఒకటి మిగిలే ఉంటుంది. నాలుగడుగులు వేసి, ఎటో చూస్తూ అడిగాడు.

"ఆ ఈల ఎవరు నేర్పారు?"

"ఎవరు నేర్పడమేంటండీ? హాల్లో మిషన్ల మోతకి మాటలు వినపడవు. దారం అయిపోయినా ఈలే, వెనక పని పేరుకున్నా ఈలే, సూపర్‌వైజరు వస్తున్నా ఈలే. రోజంతా వేస్తూనే ఉంటాం."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"మీరెప్పుడైనా అడిగారా?"

అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది, ఎదురు చెప్పేవాడు. ఊళ్ళో పనిచేసే వాళ్ళందరి గురించీ అన్ని గేట్ల ముందూ మాట్లాడిన మనిషికి, సొంత భార్యని పనిలో ఏమని పిలుస్తారో ఇవాళ కిటికీ ఊచల్లోంచి తెలిసింది. సినిమా హీరోతో పోటీ పెట్టుకున్నాడు గానీ, ఆ హీరో కూడా ఆమెని ఏమీ అడగలేదు కదా అనుకుని కాస్త ఊరట పడబోయాడు. ఆ ఊరట నిలవలేదు. వాడికి ఆమె ఎవరో తెలియదు, తను మొగుడు.

"నాకు నేర్పిస్తావా?" అన్నాడు.

"ఏంటి, ఈలా?"

"ఊఁ. నీకోసమే వేశానిందాక. రాలేదు."

ఆమె ఆగి, అతని మొహంలోకి చూసింది. అతని చేతుల మీద ఇంకా గ్రీజు ఉంది. తన రుమాలు తీసి ఆ రెండు వేళ్ళూ శుభ్రంగా తుడిచింది, నెమ్మదిగా, ఆ రోజు బొమ్మని తుడిచినంత మెత్తగా. తర్వాత వాటిని అతని నోటి దగ్గర సరిగ్గా పెట్టింది.

"నాలుక వెనక్కి మడవండి. పెదాలు బిగించండి."

"ఇలాగేనా? ఎందుకంటే నేనిందాక ఏం చేశానంటే, గాలి మొత్తం..."

"ఈల రావాలంటే ముందు మాట ఆపాలండీ" అంది కాలరక్క.

మైకు ఆపాడు.